మావయ్య స్లైడులో నేను చూసింది

ఏలూరులో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఇరవై ఏళ్ళుగా నా పని ముక్కలు కోయడం. ఆపరేషన్‌లో తీసిన కండ మా దగ్గరికి వస్తుంది. దాన్ని మైనంలో బిగించి అగ్గిపెట్టెలో సగమంత దిమ్మ చేస్తాం. దాన్ని బ్లాక్ అంటాం. ఆ బ్లాకును మిషన్ మీద కంటికి ఆననంత పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగులు వేసి, పెథాలజీ మేడమ్‌గారి టేబుల్ మీద పెడతాను. మైక్రోస్కోప్‌లో చూసి ఇది ఫలానా అని చెప్పేది ఆవిడ. నా పని కోసి రంగు వేయడంతో అయిపోతుంది. ఈ సంగతి సెంటర్‌లో ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. చుట్టాల్లో మాత్రం ఎవరికీ గుర్తు చేయలేదు.

మా వాళ్ళంతా కొట్లు పెట్టుకుని బతికేవాళ్ళు. తెల్లకోటు వేసుకున్నదాన్ని నేనొక్కదాన్నే. అందుకని ఎవరికి ఏ రిపోర్టు వచ్చినా డాక్టరు కంటే ముందు నా ఫోనులోకి వచ్చి పడుతుంది. షుగరు, థైరాయిడ్, కడుపు స్కానింగ్, అన్నీ. నన్ను ‘డాక్టరమ్మ’ అంటారు. మొదట్లో, డాక్టర్ని కాదు, టెక్నీషియన్నని దిద్దేదాన్ని. తర్వాత మానేశాను. ఆ పిలుపు నాకు బాగుండేది. పెళ్ళిళ్ళలో నలుగురు నా కుర్చీ చుట్టూ చేరి మోకాళ్ళ నొప్పుల గురించి అడుగుతుంటే, వడ్డాణం పెట్టుకొచ్చిన మా పెద్దమ్మ కూతురి వంక చూసే దిక్కుండేది కాదు. ఆ సంతోషం నాకు బాగా అలవాటైపోయింది.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు. నన్ను టెక్నీషియన్ కోర్సులో చేర్చడానికి గూడెం నుంచి బస్సెక్కించుకుని తీసుకెళ్ళింది ఆయనే. కోర్సు అయ్యేదాకా నేను ఏం చదువుతున్నానో ఆయనకి సరిగ్గా తెలియదు. అయినా కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ‘మా మేనకోడలు మెడిసిన్ లైన్‌లో ఉందండీ’ అని చెప్పేవాడు.

మొన్నామధ్య ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. ఒళ్ళంతా ఒకటే దురద. పచ్చకామెర్లని పదిహేను రోజులు పసరుమందు తాగాడు. తగ్గకపోతే స్కానింగ్ తీయించారు. పాంక్రియాస్, అంటే క్లోమగ్రంథి, తలభాగంలో గడ్డ. విజయవాడలో పెద్ద ఆపరేషన్ చేసి తీసేశారు. క్యాన్సరే అన్నారు. గాయం మానగానే కీమో మొదలుపెట్టాలని, మూడు నెలలు దాటనివ్వద్దని అక్కడి డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. బ్లాకుల్ని ఇంకొకరికి కూడా చూపించమని కాగితం రాసిచ్చాడు. ఆ బ్లాకుల్ని మావయ్య టిఫిన్ క్యారియర్ సంచిలో పెట్టుకుని నేరుగా మా సెంటర్‌కి వచ్చాడు.

“ఊళ్ళో నువ్వుండగా ఇంకెక్కడికో తీసుకెళ్ళడం ఎందుకమ్మా” అన్నాడు.

చూసేది మేడమ్‌గారని చెప్పాను. చెప్పాననే గుర్తు. ఆయన విన్నట్టు లేదు. విననందుకు నాకు కష్టమేమీ అనిపించలేదు.

ఆ మధ్యాహ్నం బ్లాకు కోసి రంగు వేశాను. మేడమ్ సెలవులో ఉన్నారు. స్లైడు ఆరాక నేనే మైక్రోస్కోప్ కింద పెట్టాను. అది నా పని కాదు. రంగు సరిగ్గా పట్టిందో లేదో చూసుకోవడం వరకే నా హక్కు. రంగు బాగానే పట్టింది. అక్కడితో లేచిపోవాల్సింది. నేను స్లైడును అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. ఒక అంచున నీలం చుక్కలు గుంపుగా కనిపించాయి. అవి లింఫోసైట్లు, ఒంట్లోకి వచ్చిన శత్రువుతో పోట్లాడే కణాలు. పాంక్రియాస్ గడ్డలో అవి దండిగా ఉంటే ఆ రోగులు ఎక్కువకాలం బతుకుతున్నారని అంతకుముందు నెలలోనే మేడమ్ ఎవరికో చెబుతుంటే విన్నాను. నా గుండె ఎగిరి గంతేసింది. ఆ చోట స్లైడు మీద పెన్నుతో చిన్న చుక్క పెట్టాను. మైక్రోస్కోప్ కన్నానికి ఫోను ఆనించి ఫోటో తీశాను. మేడమ్ వచ్చేదాకా ఆగలేకపోయాను. మంచి కబురు నా నోటి నుంచే వెళ్ళాలి కదా.

“మావయ్యా, ఫోటో పంపాను చూడండి. ఆ నీలం చుక్కలన్నీ మీ ఒంట్లో సైన్యమే” అన్నాను ఫోనులో.

“అంటే మంచిదేనామ్మా?”

“చాలా మంచిది. ఇవి ఎక్కువున్నవాళ్ళు ఎక్కువకాలం ఉంటారు.”

ఆయన గొంతు దించి, “మరి ఆ కీమో మందు ఈ చుక్కల్ని కూడా చంపేత్తాదా?” అని అడిగాడు.

కొంత తగ్గుతాయన్నాను. అది అబద్ధం కాదు. కానీ అయినా కీమో తప్పదని వెంటనే అనాల్సింది. అవతల ఎవరో పిలుస్తుంటే, తర్వాత మాట్లాడతానని పెట్టేశాను.

రెండు రోజుల్లో ఆ ఫోటో గూడెం ఉల్లి మార్కెట్టంతా తిరిగింది. ముఠా కూలీలకి కూడా చూపించాడట. అత్తయ్య దాన్ని ప్రింటు తీయించి దేవుడి గూట్లో పెట్టింది. కీమో సంగతి తర్వాత చూసుకుందామనుకున్నారు. ముందు ద్వారకా తిరుమల వెళ్ళి తలనీలాలు ఇచ్చుకోవాలని అత్తయ్య మొక్కుకుంది. ఎలాగూ మందుకి రాలిపోయే జుట్టే కదా, అదేదో స్వామికే ఇస్తే పుణ్యమని ఆవిడ వాదన. మావయ్య సరేనన్నాడు. అత్తయ్య నాకు ఫోను చేసి, నువ్వు కూడా రావాలంది.

మేడమ్ సెలవు నుంచి వచ్చి ఆ స్లైడు చూశారు.

“ఈ చుక్క ఎవరు పెట్టారు?” అన్నారు.

నేనే అన్నాను, ఏదో మెచ్చుకుంటారని. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రెండో కళ్ళజత నాకిచ్చారు. మా మైక్రోస్కోప్‌కి ఇద్దరు ఒకేసారి చూసే వీలుంది.

“ఇది గడ్డ కాదమ్మా. గడ్డ అడ్డుపడి గొట్టం మూసుకుపోతే పక్కనున్న మామూలు పాంక్రియాస్ వాచింది. ఆ వాపుకి చేరిన గుంపిది. ఇక్కడ ఎన్నుంటే ఏం లాభం? గడ్డలోకి రండి.”

స్లైడు జరిపారు. క్యాన్సర్ కణాల చుట్టూ గులాబీరంగు పీచు మందంగా అల్లుకుని ఉంది. మా అత్తగారిది కలిదిండి. అక్కడ చేపల చెరువులకి బయటి నీళ్ళు చుక్క కూడా రాకుండా గట్లు బిగిస్తారు. నాకు అదే కనిపించింది. నీలం చుక్కలన్నీ గట్టు బయటే ఆగిపోయాయి. లోపలికి వెళ్ళినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మేడమ్ నేర్పడం ఇష్టమున్న మనిషి. ఆ బ్లాకు మీద ఇంకో రెండు ప్రత్యేకమైన రంగులు వేయించి, మర్నాడు మళ్ళీ పిలిచి చూపించారు. గడ్డ లోపల గోధుమరంగులో పెద్ద పెద్ద కణాలు కిక్కిరిసి ఉన్నాయి.

“ఇవి మాక్రోఫేజ్‌లు. ఇవీ రోగనిరోధక కణాలే. అయితే ఇలాంటి గడ్డల్లో చాలావరకు గడ్డకే కొమ్ము కాస్తాయి. లింఫోసైట్లు క్యాన్సర్ కణాల పక్కదాకా చేరినవాళ్ళు సగటున ఎక్కువకాలం ఉంటున్నారు. ఇవి నిండినవాళ్ళు తక్కువకాలం ఉంటున్నారు. అదీ చాలామందిని కలిపి చూస్తే తేలిన మాట. ఒక్క మనిషి స్లైడు చూసి నువ్వు ఇంతకాలం ఉంటావని చెప్పకూడదు. అందుకే రిపోర్టులో ఇవేమీ రాయను. ఈయనకి కావలసింది టైముకి కీమో, అంతే” అన్నారు.

“అవునండి మేడమ్” అన్నాను. ఆయన నా మేనమామ అని ఆవిడకి తెలియదు. నేను చెప్పలేదు.

ఆ సాయంత్రమే మావయ్యకి ఫోను చేయాల్సింది. చేశాను కూడా. రిపోర్టు తయారైందని, అందులో పాతదే ఉందని, విజయవాడ డాక్టరుకి చూపించమని చెప్పాను. ఫోటో మాట ఎత్తలేదు. ఎత్తితే నాకు చూడ్డం రాదని ఒప్పుకోవాలి. ఆ డాక్టరే గట్టిగా చెప్పి కీమో మొదలుపెట్టిస్తాడులే, నా నోటితో చెప్పడమెందుకని సర్దిచెప్పుకున్నాను. నాకు నేను సర్దిచెప్పుకోవడంలో నా అంత తెలివైనది మా వంశంలో లేదు.

వారం తర్వాత ద్వారకా తిరుమల వెళ్ళాం. కారులో ముందు సీటు నాకిచ్చారు. దారిలో చెప్పేద్దామనుకున్నాను. భీమడోలు దాటేదాకా మాటలు కూడబలుక్కున్నాను. ఈలోగా అత్తయ్య పులిహోర పొట్లం విప్పింది. కొండ మీద మావయ్య గుండు చేయించుకుని, చందనం రాసుకుని, కొత్త పంచెలో బయటికొచ్చాడు. ఆపరేషన్‌తో సగమైపోయిన మనిషి, ఆ బోడితల మీద చెయ్యి రుద్దుకుంటూ పిల్లాడిలా నవ్వుతున్నాడు. అత్తయ్య కొబ్బరికాయల కొట్టు ఆవిడకి నన్ను చూపించి, “మా డాక్టరమ్మండీ. మిషన్‌లో చూసి ఈయనకేం పర్లేదని చెప్పింది” అంది. ఆవిడ నాకు చేతులెత్తి నమస్కారం పెట్టింది. నేను కూడా పెట్టాను.

మెట్లు దిగుతుంటే మావయ్య నా భుజం ఆసరా తీసుకున్నాడు.

“ఈపాటికి ఆ సైన్యం ఇంకా పెరిగుంటాదంటావా?”

“ఉంటుంది మావయ్యా” అన్నాను.

మొదటిసారి చెప్పింది తెలియక. ఈసారి తెలిసి చెప్పాను. ఇప్పటికీ పని చేసుకుంటూ ఉండగా ఆ మాట నా గొంతులోనే నాకు వినిపిస్తే చేతిలో ఉన్నది కింద పెట్టేస్తాను.

ఆ తర్వాత మూడు వారాలు మావయ్య ఫోను చేస్తే పనిలో ఉన్నానని పెట్టేసేదాన్ని. ఒక ఆదివారం కలిదిండిలో అత్తగారింటికి వెళ్ళాను. పొద్దున్నే మావారు చెరువులో చేపలకి మేత వేయిస్తుంటే నేను గట్టు మీద నిలబడ్డాను. కొల్లేరు వైపు నుంచి కొంగలు వచ్చి నీళ్ళు చిలికే ఏరేటర్ల పక్కన వాలుతున్నాయి. తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. విజయవాడ ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి.

“నమస్తే మేడమ్. పేషెంటుగారు ఫైల్లో మీ నంబరిచ్చారండి, ఫ్యామిలీ డాక్టరుగారని. ఆయన రెండు అపాయింట్‌మెంట్లకీ రాలేదండి. ఫోన్ చేస్తే, మా డాక్టరమ్మ చూసింది, కంగారేం లేదంది అంటున్నారండి. సార్ కనుక్కోమన్నారు. కీమో వద్దని మీరే చెప్పారా మేడమ్?”

“నేను డాక్టర్ని కాదండి” అన్నాను. ఎన్నేళ్ళ తర్వాతో ఆ మాట అనడం. అదీ ముక్కూమొహం తెలియని పిల్లతో.

“మరి ఆయన...” అని ఆ అమ్మాయి ఆగిపోయింది. ఇంకొంచెం ఆలస్యమైతే మందు మొదలుపెట్టీ ఉపయోగం తక్కువని మర్యాదగానే చెప్పి పెట్టేసింది. మావారు ఎవరని అడిగితే రాంగ్ నంబరన్నాను.

మర్నాడు సెలవు పెట్టి గూడెం వెళ్ళాను. ఇంటికి వెళ్ళలేదు, అత్తయ్య ఉంటుందని. నేరుగా కొట్టుకి వెళ్ళాను. కర్నూలు లోడు దిగుతోంది. ఉల్లిపొట్టు గాలికి లేచి కళ్ళల్లో పడుతోంది. మావయ్య గుండు మీద తువ్వాలు చుట్టుకుని బస్తాల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి టీ చెప్పాడు. టీ వచ్చేలోపే మొత్తం చెప్పేశాను. నేను చూసిన చోటు గడ్డ కాదని, గడ్డలో ఉన్నవి వేరే కణాలని, అవి మంచివి కావని, అసలు చూసి చెప్పడం నా పనే కాదని. ఏడుస్తూ చెప్పాను. ఉల్లిపాయల కొట్లో ఏడిస్తే ఎవరూ పట్టించుకోరు, ఆ ఒక్క సుఖం దొరికింది.

ఆయన టీ గ్లాసు చేతిలో పట్టుకుని విన్నాడు.

“అంటే ఒక బస్తా మూతి విప్పి చూసి లోడంతటికీ రేటు కట్టేశావన్నమాట” అన్నాడు.

“అవును మావయ్యా.”

“పోనీలే. తెలీక చేశావు.” టీ ఒక గుక్క తాగాడు. “ఇది తప్పని నీకెప్పుడు తెలిసింది?”

ఆ ప్రశ్న అడక్కుండా ఉంటే బాగుండునని దారి పొడుగునా అనుకున్నాను.

“ద్వారకా తిరుమల వెళ్ళడానికి వారం ముందు.”

ఆయన నా మొహంలోకి చూడలేదు. బస్తాలు దింపుతున్నవాళ్ళ వంక చూస్తూ, “నిదానంగా దింపండ్రా, పగులుతున్నాయి” అని కేకేశాడు. తర్వాత లేచి నిలబడి, “రేపు విజయవాడ వెళ్తాను” అన్నాడు. “మీ అత్తతో మాత్రం ఇదంతా చెప్పకు. నాకే బుద్ధి మారిందంటాను. ఇంటిల్లిపాదీ నిన్ను నమ్ముకున్నారు. ఆ నమ్మకం పోగొట్టుకుంటే మళ్ళీ రాదు.”

నాకు ఒక్కసారిగా ఒళ్ళు తేలికపడింది. చావు అంచున ఉన్న మనిషి నా పరువు కాపాడతానంటే, వద్దు మావయ్యా అనాలని కూడా తోచలేదు. హాయిగా ఊపిరి పీల్చుకుని, మిగిలిన టీ తాగి, మధ్యాహ్నం బస్సుకే ఏలూరు వచ్చేశాను. చేసినవాటన్నిట్లోనూ ఆ తేలికపడడమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

కీమో అయిదుసార్లు ఎక్కించుకున్నాడు. వాంతులు, నోటినిండా పుళ్ళు. ఆరోసారికి ముందు తీసిన స్కానింగ్‌లో లివర్‌కి పాకిందని తేలింది. ఇంకో రెండు నెలలున్నాడు. ఒక నెల ముందు మొదలుపెట్టి ఉంటే ఎలా ఉండేదని మేడమ్‌ని అడిగాను, ఎవరి గురించో అడిగినట్టు. ఎవరూ చెప్పలేరమ్మా, అసలు ఆ జబ్బే అలాంటిది అన్నారు. ఆ మాట తలకింద పెట్టుకుని పడుకున్న రోజులున్నాయి. నిద్ర పట్టని రోజులే ఎక్కువ.

ఈ మధ్యే సంవత్సరీకం జరిగింది. భోజనాలయ్యాక ఆడవాళ్ళం నలుగురం వెనక వరండాలో చాప మీద చేరాం. అత్తిలి నుంచి అత్తయ్య చెల్లెలు వచ్చింది. నేను చిన్నత్తయ్య అంటాను. ఆవిడకి పెద్దపేగులో గడ్డ వస్తే తీసేశారు. కీమోకి రమ్మన్నారట. వెళ్ళాలా వద్దా అని అక్కని అడుగుతోంది.

“వద్దే” అంది అత్తయ్య. “మీ బావగారు ఆపరేషనయ్యాక ఎంత బావున్నారో చూశావుగా. కొండెక్కి గుండు కూడా చేయించుకున్నారు. ఆ మందెక్కించుకున్నాకే కూలిపోయారు. ఒంట్లో సైన్యమంతా దానికే చచ్చిపోయింది. మా డాక్టరమ్మ అప్పుడే చెప్పింది, ఆయన సైన్యం బావుందని. ఉన్నట్టుండి ఆయనకెందుకు బుద్ధి మారిందో, వెళ్తానని కూర్చున్నారు. నేను కాళ్ళు పట్టుకునైనా ఆపాల్సింది. ఆపలేదు. ఆ పాపం నాదే.”

ఏడుస్తూనే నా వైపు తిరిగింది. “నువ్వు చెప్పమ్మా దీనికి. నీ మాటైతే వింటాది.”

అందరూ నన్నే చూస్తున్నారు. ఒకప్పుడు ఆ చూపుల కోసమే నేను పెళ్ళిళ్ళకి వెళ్ళేదాన్ని.

“చిన్నత్తయ్యా, మీరు వెళ్ళండి. డాక్టరు చెప్పిన తేదీకే వెళ్ళండి” అన్నాను. “మావయ్య మందు వల్ల పోలేదు. ఆయన గడ్డలో సైన్యం లేదు. నేను వేరే చోట చూసి ఉందనుకున్నాను. నాకు చూడ్డం రాదత్తయ్యా. నేను డాక్టర్ని కాదు, ముక్కలు కోసే టెక్నీషియన్ని.”

అత్తయ్య కొంగు మొహం మీద నుంచి తీసింది. “తప్పు చెప్పావా?”

“తప్పు చెప్పాను. తర్వాత తెలిసి కూడా దాచాను.”

“ఆయనకి తెలుసా?”

“కొట్టుకెళ్ళి నేనే చెప్పాను. అందుకే వెళ్ళారు మందుకి.”

“మరి నాకెందుకు చెప్పలేదాయన?”

“నా పరువు పోతుందని.”

ఆవిడకి కోపం వస్తే బాగుండునని ఎదురుచూశాను. రాలేదు.

“రోజూ పక్కన కూర్చుని జావ పట్టేదాన్ని” అంది. “నేనే ఆపాల్సిందండీ, నేనే మిమ్మల్ని చంపుకుంటున్నానండీ అని ఆయన ముందు ఎన్నిసార్లు ఏడ్చానో. నా చెయ్యి పట్టుకుని వినేవారు. అంతా తెలిసే విన్నారా? నీ కోసం?”

నేను తల దించుకున్నాను. చాప అల్లిక లెక్కపెడుతూ కూర్చున్నాను. కాసేపటికి చిన్నత్తయ్య తన సంచిలోంచి ఆసుపత్రి కాగితం తీసి, ఏ తేదీకి రమ్మన్నారో చూడమ్మా అని అలవాటుగా నా వైపు చాపింది.

అది నా చేతికి రాకముందే అత్తయ్య అందుకుంది. లోపలికి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ తేదీ తనే చదివింది.